సెలవెరుగని వైద్యుడు: ఆల్బర్ట్ ష్వైట్జరు

దూరదేశమున ఉద్యోగము చేయువాడు సెలవు దొరికినప్పుడు స్వగ్రామమునకు వచ్చి, కన్నవారిని చూచి, ఆలుబిడ్డలతో నాలుగు నాళ్లు గడిపి, అలసట తీర్చుకొని మరల పనికి పోవుట లోకసామాన్యము. కాని కొందరికి సెలవు అనునది పనిలో రెండవ సగము మాత్రమే. అచట రోగికి మందు పోసిన చేయియే ఇచట ఆ మందునకు వలయు ధనమును కూర్చవలెను. ఆల్బర్ట్ ష్వైట్జరు జీవితము అట్టిది. 1913 మొదలు 1959 వరకు ఆయన పదునాలుగు మార్లు ఐరోపాను విడిచి ఆఫ్రికాలోని లాంబరెనే అను చిన్న ఊరికి ప్రయాణమయ్యెను. ఆ రాకపోకల కథయే ఆయన కథ. వాటికి ఎవరెవరు ఏ మూల్యము చెల్లించిరో తెలిసికొననిచో ఆయన గొప్పతనము మనకు సగమే తెలియును.

జర్మనీ, ఫ్రాన్సు దేశముల సరిహద్దున ఆల్సేస్ అను సీమ కలదు. 1871లో యుద్ధానంతరము ఆ సీమ ఫ్రాన్సు చేతినుండి జర్మనీ చేతికి పోయెను. అచటి కైజర్స్‌బర్గు పట్టణమున 1875 జనవరి 14వ తేదీన ఆల్బర్ట్ జన్మించెను. తండ్రి లూయీ ష్వైట్జరు క్రైస్తవ మతబోధకుడు. బిడ్డ పుట్టిన కొద్ది నెలలకే ఆ కుటుంబము గున్స్‌బాక్ అను పల్లెకు తరలెను. కొండల నడుమ, ద్రాక్షతోటల ప్రక్కనున్న ఆ పల్లెయే ఆయనకు జీవితాంతము స్వగ్రామమయ్యెను. ఆ ఇంట జర్మను భాష, ఫ్రెంచి భాష రెండును వినబడుచుండెను. ఒకే మనిషి రెండు లోకములకు చెందియుండుట ఆయనకు పసితనముననే అలవడెను.

ఆ ఇంటిలో సంగీతము వంశధనము. తొమ్మిదవ యేటనే ఆల్బర్ట్ తమ ఊరి చర్చిలో పెద్దలకు బదులుగా ఆర్గన్ వాద్యము వాయించెను. తరువాత ప్యారిసు నగరమున విడార్ అను సుప్రసిద్ధ విద్వాంసుని వద్ద శిష్యరికము చేసెను. స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రమును, మతశాస్త్రమును చదివి, 1899లో కాంటు మహాశయుని మతతత్త్వముపై గ్రంథము వ్రాసి డాక్టరు పట్టమును పొందెను. చర్చిలో ఉపదేశకుడుగను, 1903 నుండి మతశాస్త్ర విద్యార్థుల నిలయమునకు అధ్యక్షుడుగను పనిచేసెను. జర్మను సంగీతకర్త బాక్‌పై ఆయన వ్రాసిన గ్రంథము 1905లోను, ఏసుక్రీస్తు చరిత్రపై పండితులు సాగించిన పరిశోధనను విమర్శించు గ్రంథము 1906లోను వెలువడెను. ముప్పదియేండ్లు నిండునప్పటికే సంగీతమునందును, శాస్త్రమునందును ఇంతటి పేరు పొందినవారు ఆనాటి ఐరోపాలో అరుదు.

అట్టి మనిషి ఆ సమస్తమును విడిచి అడవికి ఎందులకు పోయెను? ఈ ప్రశ్న ఆయన మిత్రులను ఎంతయో వేధించెను. సమాధానము ఆయన బాల్యముననే ఉన్నది. గున్స్‌బాక్ సమీపమున కోల్మార్ అను పట్టణము కలదు. అచట ఒక నౌకాసేనాపతి స్మారకచిహ్నము క్రింద ఆఫ్రికా పురుషుని శిలావిగ్రహ మొకటి యుండెను. ఆ రాతిముఖమునందలి దుఃఖము బాలుని హృదయమున నాటుకొనెను. తాను సుఖముగా చదువుకొనుచుండగా చుట్టును ఎందరో బాధలు పడుచున్నారను తలంపు ఆయనను విడువలేదు. 1896లో, ఇరువదియొక్క యేండ్ల వయస్సున, సెలవులకు గున్స్‌బాక్ వచ్చియుండగా ఒక వేకువజామున ఆయన ఒక నిశ్చయము చేసికొనెను. ముప్పదవయేడు వచ్చువరకు విద్యకును, సంగీతమునకును తన కాలమును వినియోగించుట. ఆపైని నేరుగా మానవసేవకు పూనుకొనుట. ఆ సేవ యెట్టిదో నాటికి ఆయనకే తెలియదు.

1904 శరత్కాలమున ఒకనాడు ఆయన బల్లపై ప్యారిసు మిషను సంఘమువారి పత్రిక యుండెను. దానిలో ఆఫ్రికాలోని గాబన్ ప్రాంతమునకు పనివారు చాలకున్నారను విజ్ఞప్తి కనబడెను. అది చదివి, పత్రికను ప్రక్కన పెట్టి, ఆయన ఎప్పటివలె తన పని కొనసాగించెను. వెదకుట ముగిసినది. మరుసటి సంవత్సరము అక్టోబరు 13వ తేదీన, తాను వైద్యవిద్యలో చేరబోవుచున్నట్లును, ఆపై ఆఫ్రికా పోవుచున్నట్లును తల్లిదండ్రులకును, మిత్రులకును వ్రాసిన ఉత్తరములను తపాలాపెట్టెలో వేసెను. బంధువులు, గురువులు ఆశ్చర్యపడిరి, వారించిరి. సంగీతసభలలో వాయించి వచ్చిన ధనమును అడవివారికి పంపిన చాలదా యని కొందరడిగిరి. కాని మాటలతో బోధించుట చాలించి చేతులతో పని చేయవలెనన్నదే ఆయన సంకల్పము. ముప్పది యేండ్ల ఉపన్యాసకుడు మరల విద్యార్థుల బల్లపై కూర్చుండి శరీరశాస్త్రము వల్లెవేసెను. 1911లో పరీక్షలు ఉత్తీర్ణుడయ్యెను. ఆ పరీక్ష రుసుమును సైతము మ్యూనిక్ నగరమున ఆర్గన్ వాయించి వచ్చిన సంపాదనతోనే చెల్లించెను.

చిత్రమేమనగా, ఏ మిషనువారి విజ్ఞప్తిని చూచి ఆయన బయలుదేరెనో ఆ సంఘమువారే ఆయనను చేర్చుకొనుటకు సంశయించిరి. ఆయన మతగ్రంథములలోని అభిప్రాయములు వారికి రుచింపలేదు. తాను వైద్యము మాత్రమే చేసెదనని, మతబోధ చేయనని ఆయన మాట ఇచ్చెను. ఆసుపత్రికి వలయు ధనము సర్వము తానే కూర్చుకొందుననియు చెప్పెను. అప్పుడు గాని అనుమతి లభింపలేదు. ఎరిగినవారి ఇండ్ల తలుపులు తట్టి, సంగీతసభలు జరిపి రెండేండ్లకు సరిపడు ధనము కూడబెట్టెను. పుస్తకములు వ్రాయుటకంటె పరుల గుమ్మమున నిలిచి అడుగుట ఎంత కష్టమో ఆయన అప్పుడు తెలిసికొనెను. ఆ పని జీవితాంతము తప్పదని నాడు ఊహించెనో లేదో!

1912 జూన్ 18వ తేదీన ఆయన హెలెన్ బ్రెస్లౌను వివాహమాడెను. ఆమె స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయమునందలి చరిత్రాచార్యుని కుమార్తె, విదుషి. నగరములోని అనాథ శిశువుల యోగక్షేమములు చూచు ఉద్యోగమున పనిచేసినది. ఆయన గ్రంథముల వ్రాతప్రతులను సరిచూచినది. ఆఫ్రికాలో భర్తకు తోడుపడుటకై నర్సుపని నేర్చినది. ఆ సేవాసంకల్పములో ఆమె సమభాగస్వామిని. ఈ సంగతి మరవరాదు.

1913 మార్చి 21వ తేదీన దంపతులు గున్స్‌బాక్ విడిచిరి. దారిలో ప్యారిసున ఈస్టరు పండుగనాడు గురువు విడార్ వాద్యమును చివరిసారిగా విని, బోర్డో రేవునుండి ఓడ యెక్కిరి. వెంట డెబ్బది పెట్టెల సామాను. ప్యారిసులోని బాక్ సంగీత సమాజమువారు బహూకరించిన, ఆర్గన్ వలె పాదముల మీటలుగల పియానోయు వారికి చేరెను. ఉష్ణదేశపు చెమ్మకు, చెదలకు చెడకుండ దాని లోపల తుత్తునాగపు రేకు తాపించిరి. ఏప్రిల్ 16వ తేదీన ఒగోవే నదిపై ఆవిరిపడవలో వారు లాంబరెనే చేరిరి. భూమధ్యరేఖకు ఇంచుక దక్షిణముగా, దట్టమైన అడవి నడుమ, నదిలోని దీవిపైనను దాని ఒడ్డులను ఉన్న ఊరది. నాడు అది ఫ్రెంచివారి పాలనలోని ప్రాంతము.

ఆసుపత్రి కట్టడము ఇంకను సిద్ధము కాలేదు. రోగులు మాత్రము సిద్ధముగా ఉండిరి. పాత కోళ్లగూటికి సున్నము కొట్టించి అందులోనే వైద్యము ఆరంభించెను. మొదటి తొమ్మిది నెలలలో సుమారు రెండు వేలమంది రోగులు వచ్చిరి. మలేరియా, నిద్రావ్యాధి, కుష్ఠు, బోదకాలు, జిగట విరేచనములు, మానని పుండ్లు వారిని పట్టి పీడించుచుండెను. జారిన ప్రేగు బిగిసిన హెర్నియా రోగులు శస్త్రచికిత్స లేనిచో నరకయాతనతో మరణించుచుండిరి. హెలెన్ మత్తుమందు ఇచ్చుచుండెను. వంటపని యెరిగిన జోసెఫ్ అను స్థానికుడు దుబాసిగను, సహాయకుడుగను పనిచేయుచుండెను. రోగి వెంట కుటుంబమంతయు వచ్చును. ఆసుపత్రి ఆవరణలోనే వంట చేసికొనును. ష్వైట్జరు దానిని వారింపలేదు. తమవారి నడుమ ఉన్న రోగి నిబ్బరముగా ఉండునని ఆయన నమ్మకము. ఇయ్యగలవారు అరటిపండ్లో, గ్రుడ్లో, కోడినో ఇచ్చిరి. ఇయ్యలేనివారు పనిలో సాయపడిరి. రాత్రివేళ పని ముగిసిన పిదప అడవి చీకటిలో పియానోపై బాక్ సంగీతము వినబడుచుండెను.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. ఆల్సేస్‌వాడగుటచే ష్వైట్జరు జర్మను ప్రజ. లాంబరెనే ఫ్రెంచి నేల. ఆ కారణమున దంపతులిద్దరు తమ ఇంటిలోనే బందీలైరి. కొంతకాలమునకు వైద్యము చేయుటకు అనుమతి లభించినను కావలి మాత్రము పూర్తిగా తొలగలేదు. పరస్పర ప్రేమను బోధించు తెల్లవారు ఒకరినొకరు చంపుకొనుట యేమని ఆఫ్రికనులు విస్తుపోయిరి. నాగరకత ఎచట దారి తప్పెనో అను ఆలోచన ఆయనను కలచివేసెను. 1915 సెప్టెంబరులో ఒక రోగిని చూచుటకై నదిపై ప్రయాణము చేయుచు, మూడవనాటి సాయంకాలము నీటిఏనుగుల మందల నడుమ పడవ సాగుచుండగా, ఆయన మనస్సునకు ఒక భావము స్ఫురించెను. ప్రాణమన్నచో భక్తి, ప్రతి ప్రాణియందు గౌరవము అనునదియే ఆ భావము. ఆయన నీతిశాస్త్రమున కంతటికి అదియే మూలసూత్రమయ్యెను.

1917లో దంపతులను ఖైదీలుగా ఫ్రాన్సునకు తరలించిరి. పిరనీసు పర్వతములలోని గారైసాన్ శిబిరమునను, పిమ్మట సేంట్‌రెమీ పట్టణములోని శిబిరమునను ఉంచిరి. వాద్యము లేనిచో ఏమి? బల్ల అంచునే మీటలుగా భావించి, నేలపై పాదములు కదుపుచు ఆయన ఆర్గన్ సాధన చేసెను. 1918 జూలైలో ఖైదీల మార్పిడివలన ఇల్లు చేరెను. అదియే ఆయన మొదటి ఇంటిరాక. సెలవుగా వచ్చినది కాదు. సంకెల వెంట వచ్చినది. తల్లి అప్పటికే లేదు. 1916లో సైనికుల గుర్రములు ఊరి దారిలో ఆమెను త్రొక్కివేసెను. ఆయన ఆరోగ్యము చెడియుండెను. రెండుమార్లు శస్త్రచికిత్స జరిగెను. హెలెన్ ఆరోగ్యము మరింత క్షీణించెను. ఆఫ్రికా ఆసుపత్రికై చేసిన అప్పులు తల మీద నిలిచెను. 1919 జనవరి 14వ తేదీన, తన పుట్టినరోజుననే, రేనా అను కుమార్తె జన్మించుట ఆ కాలమున ఆయనకు కలిగిన ఒక్క వెలుగు. యుద్ధానంతరము ఆల్సేస్ మరల ఫ్రాన్సులో చేరుటచే ఆయన ఫ్రెంచి పౌరుడయ్యెను.

లోకము తన్ను మరచినదని ఆయన తలచుచుండగా స్వీడను దేశపు ఆర్చిబిషప్ సోడర్‌బ్లోమ్ నుండి పిలుపు వచ్చెను. 1920లో ఆ దేశమున ఉపన్యాసములిచ్చి, ఊరూర ఆర్గన్ వాయించి ఆయన అప్పులలో పెద్ద భాగము తీర్చగలిగెను. లాంబరెనే అనుభవములను పుస్తకముగా వ్రాసెను. అది అనేక భాషలలోకి పోయి ఆ ఊరిపేరును లోకమునకు తెలిపెను. అప్పటినుండి ఆయన సెలవుల తీరు స్థిరపడెను. పగలు రైలులో మూడవ తరగతి ప్రయాణము, సాయంకాలము చర్చిలో వాద్యసభ, మరునాడు ఉపన్యాసము, రాత్రి ఉత్తరములకు జవాబులు. చేతికి వచ్చిన ప్రతి నాణెము మందుగానో, గుడ్డకట్టుగానో, ఇనుపరేకుగానో మారి ఒగోవే ఒడ్డునకు చేరవలెను.

హెలెన్‌కు క్షయవ్యాధి సోకెను. భూమధ్యరేఖా ప్రాంతపు వేడిని ఆ శరీరము భరింపలేదని స్పష్టమయ్యెను. భార్యాబిడ్డల కొరకు 1923లో జర్మనీలోని నల్లయడవి ప్రాంతమున, క్యోనిగ్స్‌ఫెల్ట్ అను ఆరోగ్యకరమైన ఊరిలో ఆయన ఇల్లు కట్టించెను. 1924 ఫిబ్రవరి 14వ తేదీన తాను మాత్రము మరల ఆఫ్రికాకు బయలుదేరెను. నాటికి రేనాకు అయిదేండ్లు నిండి ఒక్క నెల. ఏ ఆసుపత్రిని ఆయనతో కలిసి నిర్మించెనో ఆ ఆసుపత్రికి దూరముగా హెలెన్ నిలిచిపోవలసి వచ్చెను. పోవుటకు ఆమె అంగీకరించెను. కాని అంగీకారము వేరు, బాధ వేరు. ఆ యెడబాటును ఆయన జీవితచరిత్రలు తరచుగా ఒక్క వాక్యముతో దాటిపోవును. ఆ తల్లీబిడ్డలకు మాత్రము అది సంవత్సరములుగా సాగినది.

ఆ ప్రయాణమున ఆయన సామానులో నాలుగు సంచుల నిండ జవాబు వ్రాయని ఉత్తరములుండెను. ఓడలో కూర్చుండి వాటికి బదులు వ్రాయవచ్చునని ఆయన ఆశ. బోర్డో రేవులో సుంకపు అధికారులు ఆ సంచులను చూచి అనుమానపడిరి. ఇన్ని ఉత్తరములతో ప్రయాణము చేయువానిని వారెన్నడును చూడలేదు. వాటిలో దేశము దాటించు ధనమేమైనను దాగియున్నదేమో యని చాలసేపు వెదకిరి. సెలవులో తీరని పని నాలుగు సంచులై ఆయన వెంట నడచెను.

లాంబరెనేలో ఆయనకు కనబడినది శిథిలము. ఏడేండ్లలో అడవి ఆసుపత్రిని మ్రింగివేసెను. కప్పులు కూలెను, దారులు పొదలలో కలిసెను. ఉదయము వైద్యము, మధ్యాహ్నము తాపీపని. కొలదినాళ్లకు ఐరోపానుండి వైద్యులు, నర్సులు వచ్చి చేరిరి. 1925లో ఆ ప్రాంతమున కరవు వచ్చెను. వెనువెంటనే విరేచనాల వ్యాధి విజృంభించెను. జనులు సాగు మాని కలపవర్తకుల కొరకు చెట్లు నరుకుటకు పోయినందున తిండిగింజలు కరవయ్యెను. రోగులను వేరు వేరుగా ఉంచుటకు పాత ఆవరణలో చోటు చాలలేదు. తాను మరల సెలవుపై ఇంటికి పోవలసిన సమయము వచ్చినను ష్వైట్జరు పోలేదు. నదికి ఎగువగా మూడు కిలోమీటర్ల దూరమున, సుమారు 70 హెక్టార్ల నేలలో క్రొత్త ఆసుపత్రిని ఆరంభించెను. వైద్యమును తోటివారికి అప్పగించి తాను మేస్త్రియై ఏడాదిన్నర కాలము అడవి కొట్టించి, స్తంభములు పాతించి, తోటలు నాటించెను. అట్లుండగనే 1925 మే నెలలో తండ్రి గున్స్‌బాక్‌లో కన్నుమూసెను. కుమారుడు దగ్గర లేడు. 1927 జనవరిలో రోగులు క్రొత్త ఆవరణకు తరలిరి. ఆ జూలైలో ఆయన ఇంటికి బయలుదేరెను. అయిదేండ్ల బిడ్డగా విడిచిపోయిన రేనా అప్పటికి ఎనిమిదేండ్ల బాలిక.

ఆ సెలవు రెండు సంవత్సరములు. స్వీడను, డెన్మార్కు, హాలండు, ఇంగ్లండు మొదలగు దేశములలో తిరిగి ఆర్గన్ వాయించుచు, ఉపన్యసించుచు ఆయన గడపెను. ఎమ్మీ మార్టిన్ అను సహాయకురాలు ఉత్తరములు, లెక్కలు, ప్రయాణములు చక్కబెట్టుచుండెను. 1928లో ఫ్రాంక్‌ఫర్టు నగరమువారు ఆయనకు గోథే పురస్కారమిచ్చిరి. ఆ ధనముతో గున్స్‌బాక్‌లో ఒక ఇల్లు కట్టించెను. అది ఆయన విశ్రాంతి కొరకే కట్టినది కాదు. లాంబరెనేనుండి సెలవుపై వచ్చు నర్సులకును, వైద్యులకును అది విడిది. ఆసుపత్రికి ఐరోపాలోని కార్యాలయము. దూరమున పనిచేసి వచ్చినవానికి స్వదేశమున నిలువ నీడ అవసరమని ఆయన అనుభవపూర్వకముగా ఎరుగును.

1929 డిసెంబరులో హెలెన్ సైతము ఆయనతో బయలుదేరెను. కొద్ది నెలలకే ఆరోగ్యము చెడి తిరిగి రావలసి వచ్చెను. 1933లో జర్మనీలో హిట్లరు పాలన రాగా, యూదుల వంశమున పుట్టిన ఆమె కుమార్తెతో స్విట్జర్లాండులోని లొసాన్ నగరమునకు తరలెను. 1937, 1938 సంవత్సరములలో ఆమె అమెరికాలో లాంబరెనేను గూర్చి ఉపన్యాసములిచ్చి ఆసుపత్రికి మిత్రులను సంపాదించెను. యుద్ధకాలమున ఆ ఆసుపత్రిని నిలిపినది ఆ మిత్రుల సహాయమే.

ఈ కాలముననే ష్వైట్జరు భారతీయ తత్త్వచింతనపై 1935లో ఒక గ్రంథము ప్రకటించెను. అహింసా సిద్ధాంతమును ఆయన మెచ్చుకొనెను. కాని భారతీయ చింతన లోకమునకు, జీవితమునకు విముఖమైనదని అందు నిరూపింపబూనెను. నాడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షుడుగా ఉండిన సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు తరువాత 1939లో ప్రకటించిన తన గ్రంథమున ఆ వాదమును సవిమర్శముగా ఖండించెను. దూరమునుండి ఒక జాతి హృదయమును తెలిసికొనుట ఎంతటి పండితునకైనను సులభము కాదనుటకు ఈ వివాదము నిదర్శనము.

1939 ఆరంభమున ఆయన సెలవుపై ఐరోపాకు వచ్చెను. ఓడ దిగుచునే యుద్ధము తప్పదని గ్రహించెను. కొద్ది దినములలోనే మందులు, సరకులు కొనుక్కొని తిరుగు ఓడ ఎక్కెను. ఆ విధముగా ఆయన అతిచిన్న సెలవు ముగిసి, అతిదీర్ఘమైన ప్రవాసము ఆరంభమయ్యెను. 1948 వరకు ఆయన ఐరోపాను చూడలేదు. 1940లో లాంబరెనే కొరకు ఫ్రెంచివారిలోని రెండు పక్షములు పోరాడినప్పుడు ఇరువురు సేనానులును ఆసుపత్రిపై బాంబులు వేయరాదని ఆజ్ఞాపించిరి. 1941 ఆగస్టులో ఎవ్వరును ఊహింపని విధముగా హెలెన్ అచటికి వచ్చెను. జర్మనులు ఆక్రమించిన ఫ్రాన్సునుండి బయటపడి, పోర్చుగల్, అంగోలాల మీదుగా, అరువదిరెండేండ్ల రోగిష్ఠి స్త్రీ యుద్ధకాలమున ఒంటరిగా చేసిన ప్రయాణమది. 1946 వరకు ఆమె భర్త ప్రక్కన పనిచేసెను. వివాహమైనది మొదలు వారు కలిసియున్న దీర్ఘకాలములలో అదియొకటి.

యుద్ధానంతరము లోకము ఆయనకు పూలదండలు వేయుటకు పోటీపడెను. 1949లో గోథే ద్విశతజయంతికై ఆయన అమెరికా పోయెను. ఆ గౌరవధనముతో కుష్ఠురోగులకు క్రొత్తగా వచ్చిన సల్ఫోన్ జాతి మందులు కొనవచ్చునను ఆశయే ఆయనను అంతదూరము కదలించినది. 1952 సంవత్సరపు నోబెల్ శాంతిబహుమానము ఆయనకు లభించెను. 1954 నవంబరులో ఓస్లో నగరమునకు పోయి ఉపన్యసించెను. బహుమాన ధనము కుష్ఠురోగుల పల్లె నిర్మాణమునకు వినియోగమయ్యెను. 1957 ఏప్రిల్ 23వ తేదీన అణ్వస్త్ర పరీక్షలను మానవలెనని ఆయన చేసిన విజ్ఞప్తిని ఓస్లో రేడియో ప్రసారము చేసెను. ఎనుబదిరెండేండ్ల వయస్సున అణుశాస్త్రమును చదివి, నిజానిజములు తరచి చూచి వ్రాసిన విజ్ఞప్తి యది.

ఆయన దోషరహితుడని చెప్పుట ఆయనకే మర్యాద కాదు. ఆసుపత్రిలో పాతపద్ధతులు పోలేదని, విద్యుద్దీపములు వార్డులకు రాలేదని, పారిశుద్ధ్యము చాలదని చూడవచ్చినవారు పలువురు విమర్శించిరి. అంతకంటె గట్టి విమర్శ మరియొకటి. ఆఫ్రికనుని ఆయన తమ్మునిగా చూచెను గాని సమానునిగా చూడలేదు. పెత్తనము అన్నదేనన్న భావము ఆయనను విడువలేదు. అచటివారిని వైద్యులుగా తీర్చిదిద్దుటకు తగిన ప్రయత్నము జరుగలేదు. 1960లో గాబన్ స్వతంత్రదేశమయినప్పుడు ఆ లోపము మరింత స్పష్టముగా కనబడెను. ప్రతి ప్రాణియందు గౌరవమును బోధించిన మనిషియు తన కాలపు గోడలను పూర్తిగా దాటలేకపోయెను. అయినను వైద్యుడే లేని తావున అర్ధశతాబ్దము పాటు ఒక దీపము ఆరకుండ నిలిచినదనుట సత్యము.

1957 జూన్ 1వ తేదీన హెలెన్ జ్యూరిక్ నగరమున కన్నుమూసెను. ఆమె చితాభస్మము లాంబరెనేకు చేరెను. జీవితమున అధికభాగము ఏ ఊరికి దూరముగా ఉండవలసి వచ్చెనో ఆ ఊరనే ఆమెకు చివరి చోటు లభించెను. 1959లో ష్వైట్జరు చివరిసారి ఐరోపాకు వచ్చి, ఆ డిసెంబరులో తిరిగిపోయెను. ఆపై సెలవులు లేవు. 1965 సెప్టెంబరు 4వ తేదీన, తొంబదియేండ్ల వయస్సున, తాను కట్టిన ఆసుపత్రిలోనే మరణించెను. హెలెన్ ప్రక్కనే ఆయనను సమాధి చేసిరి.

తండ్రిని చిన్ననాట అరుదుగా చూచిన రేనా ఆయన చివరి యేండ్లలో ప్రయోగశాల పని నేర్చి లాంబరెనేకు వచ్చెను. తండ్రి పోయిన పిదప 1970 వరకు ఆసుపత్రి భారమును వహించెను. ఏ పని తన తండ్రిని తననుండి దూరము చేసెనో ఆ పనినే ఆమె చేతికెత్తుకొనెను. పాత ఆవరణ ప్రక్కన 1981లో క్రొత్త ఆసుపత్రి వెలసెను. నేడును ఒగోవే ఒడ్డున రోగులు వచ్చుచునే యున్నారు.

మహాపురుషుని త్యాగమును కొనియాడునప్పుడు ఆయన విడిచిన పదవులను, కీర్తిని లెక్కించుట మనకు అలవాటు. ష్వైట్జరు విడిచినవానిలో అవి చిన్నవి. కీర్తి ఆయనను వెదకికొని అడవికే వచ్చినది. తల్లి మరణమునకు, తండ్రి మరణమునకు దగ్గర లేకపోవుట, బిడ్డ బాల్యమును చూడలేకపోవుట మాత్రము తిరిగి రానివి. ఆ నష్టములో సగము హెలెన్‌ది, రేనాది. ఆయన సేవను తలచుకొను విద్యార్థి ఆ రెండు పేర్లను గూడ తలచుకొనిననాడు ఆ కథ పూర్ణమగును.